యాక్టిన్‌ను అంతగా నమ్మకండి

రియల్ టైమ్ పీసీఆర్ ఎలా పనిచేస్తుంది, పరిశోధనలో దేనికి వాడతారు అని అడిగారు. పనితీరు చెప్పడం తేలికే. పీసీఆర్ అంటే డీఎన్ఏకు సైకిల్ తర్వాత సైకిల్‌గా నకళ్లు తీసే పద్ధతి. మామూలు పీసీఆర్‌లో డీఎన్ఏ పెరిగిందో లేదో అంతా అయ్యాక జెల్ మీద చూస్తాం. ఇందులో యంత్రం ప్రతి సైకిల్‌లోనూ వెలుగును కొలుస్తుంది. సైబర్ గ్రీన్ అనే రంగు జంటపోగుల డీఎన్ఏకు అంటుకున్నప్పుడే బాగా మెరుస్తుంది. ఆ మెరుపు ఒక గీత దాటిన సైకిల్ సంఖ్యే సీటీ. కోవిడ్ రోజుల్లో టీవీ చర్చల్లో నలిగిపోయిన సీటీ ఇదే. సైకిల్‌కు సైకిల్‌కు డీఎన్ఏ రెట్టింపవుతుంది కాబట్టి, ఒక సైకిల్ ముందుగా దాటిన శాంపిల్‌లో మొదట రెట్టింపు సరుకు ఉన్నట్టు లెక్క. వైరస్ ఎంతుందో, పత్తి గింజలో బీటీ జన్యువు ఉందో లేదో, ఏ జన్యువు ఎప్పుడు ఎంత పనిచేస్తోందో (జన్యువు పనిచేసినప్పుడు పుట్టే ఆర్‌ఎన్ఏను డీఎన్ఏగా మార్చి కొలుస్తారు) దీనితోనే తేలుస్తారు.

తంటా అంతా ఆ చివరిదానితోనే. నేను వరి మీద పనిచేసే ల్యాబ్‌లో ఉన్నప్పుడు, నీళ్లు ఆపిన మొక్కల్లో ఒక జన్యువు నాలుగు రెట్లు పెరిగిందని ఒక జూనియర్ గ్రాఫు తెచ్చింది. గైడుగారి ముఖం వెలిగిపోయింది. "ముందు అసలు సీటీలు చూపించమ్మా" అన్నాను. నీళ్లు పెట్టిన మొక్కల్లో ఆ జన్యువు సీటీ 25. ఎండగట్టిన వాటిలోనూ 25! కదిలింది యాక్టిన్, అంటే ఎప్పుడూ మారదని నమ్మి మిగతా జన్యువులను పోల్చి చూసే రిఫరెన్స్ జన్యువు, 18 నుంచి 20కి. ఆర్‌ఎన్ఏ రెండింటికీ సమానంగానే కొలిచి వేశాం. తూకపు రాయి అరిగిపోతే బియ్యం ఎక్కువున్నట్టే కనిపిస్తాయి కదా. జన్యువు సీటీని రిఫరెన్స్ జన్యువు సీటీతో పోల్చడానికి 2001లో లివాక్, ష్మిట్‌జెన్ ప్రచురించిన సూత్రం ఆ రెండు సైకిళ్ల తేడాను నాలుగు రెట్లుగా చూపింది. యుబిక్విటిన్ అనే మరో రిఫరెన్స్ జన్యువుతో మళ్లీ వేస్తే నాలుగు కాస్తా ఒకటికి దిగింది. గైడుగారు ఆ వారమంతా నాతో ముభావంగానే ఉన్నారు.

జంతుకణాల మీద పనిచేసేవాళ్లు గ్యాప్‌డీహెచ్‌ను రిఫరెన్స్‌గా ఇలాగే నమ్ముతారు. అది చక్కెరను విరగ్గొట్టే ఎంజైము, ఆక్సిజన్ తగ్గితే దాని జన్యువే ఎగబాకుతుంది! ఒక్క రిఫరెన్స్ జన్యువు చాలదు, చాలుతుందంటే రుజువు చూపండి అని 2009లోనే రియల్ టైమ్ పీసీఆర్ ప్రయోగాల కోసం వచ్చిన ఎమ్‌ఐక్యూఈ మార్గదర్శకాలు చెప్పాయి. ఎవరు వింటారు? "యాక్టిన్‌తో సరిచూశాం" అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు. నన్నడిగితే అలాంటి పేపర్లలో సగం మళ్లీ చేసి చూస్తే నిలబడవు.

రెండో రిఫరెన్స్ జన్యువుకు ప్రైమర్లు (ఏ జన్యువును నకలు తీయాలో పట్టిచ్చే చిన్న డీఎన్ఏ ముక్కలు) కొందామంటే మాత్రం బడ్జెట్ లేదంటారు. మంచులో రావలసిన ఎంజైము కొరియర్ పెట్టెలో నీళ్లలో తేలుతూ వచ్చి పాడైతే, మారు మాట్లాడకుండా కొత్తది తెప్పిస్తారు. దాని ఖరీదులో ప్రైమర్ల జత ఏ మూలకు?