ఇది ఏడీహెచ్‌డీనా, నిద్ర లేకనా?

ప్రశ్న: మేడమ్, నేను జనరల్ మెడిసిన్ ఫస్టియర్ పీజీని. రౌండ్స్‌లో సార్ నాలుగు పనులు చెబితే రెండే గుర్తుంటున్నాయి. మొన్న ఒక పేషెంట్ పొటాషియం రిపోర్టు తెప్పించడం మర్చిపోతే అందరి ముందూ తిట్లు పడ్డాయి. రీల్స్‌లో చెప్పే ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) లక్షణాలన్నీ నావే అనిపిస్తోంది. తోటి పీజీ తను వాడే ఏడీహెచ్‌డీ మాత్రలు (మిథైల్‌ఫెనిడేట్) రెండు ఇస్తానన్నాడు. డాక్టరుకు చూపించుకుంటే డిపార్ట్‌మెంట్‌లో తెలిసిపోతుందని భయం. ఒక్కోసారి అన్నీ వదిలేసి వెళ్లిపోవాలనిపిస్తోంది.
– పేరు, ఊరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. వద్దమ్మా. అది మత్తుమందుల నియంత్రణకు పెట్టిన ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందు, పైగా వేసుకున్నాక చురుగ్గా అనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, నిద్ర చాలని వాళ్లకెవరికైనా కాసేపు అలాగే ఉంటుంది.

రాత్రి డ్యూటీ చేసి మళ్లీ పొద్దున రౌండ్స్‌కి నిలబడ్డ ఏ పీజీని పరీక్షించినా మతిమరుపు, చిరాకు, ధ్యాస నిలవకపోవడం కనిపిస్తాయి. అందుకే సైకియాట్రిస్టు మీ వార్డు గురించే కాదు, మీ ఐదో తరగతి గురించీ అడుగుతారు. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 పుస్తకం ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే ఉండాలి. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్లండి, చిన్నప్పుడు టిఫిన్ డబ్బా, పెన్సిళ్లు రోజూ బడిలోనే వదిలేసి వచ్చేదాన్నా అని అమ్మను అడగండి. చదువులో ముందుండే ఆడపిల్లల్లో ఇది చాలాకాలం బయటపడకపోవచ్చు. అల్లరి చేయరు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, మార్కులొస్తున్నాయి కదా అని ఎవరూ పట్టించుకోరు. ఇంటర్‌లో స్టడీ అవర్ బెల్లు, హాస్టల్ వార్డెన్ కలిసి లాక్కొచ్చేస్తారు, తీరా ఆ కాపలా లేని పీజీలోకి వచ్చాక తేలుతుంది. డిప్రెషన్, థైరాయిడ్, రక్తహీనత కూడా చూడాలి. ఏడీహెచ్‌డీ అనే తేలితే మిథైల్‌ఫెనిడేట్ ఒక్కటే కాదు, అటామాక్సెటిన్ అనే మందు కూడా ఉంది.

మీ కాలేజీలోనే చూపించుకోవాలని ఎక్కడా లేదు. బయటి డాక్టరు దగ్గరికెళ్లండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మీ వివరాలు గోప్యంగా ఉంచాలంటోంది. యూనిట్‌లో చెప్పాలా వద్దా అన్నది తర్వాత మీ ఇష్టం. (జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2023 పీజీ నిబంధనల్లో వారానికో సెలవు ఉంది, 'పని అవసరాన్ని బట్టి' అన్న తోకతో! ఆ తోకే సెలవును మింగేస్తోంది.)

ఈలోగా జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. సార్ చెప్పగానే బెడ్ నంబరు పక్కన రాసి, "బెడ్ 14కి పొటాషియం, ఈసీజీ, కార్డియాలజీ ఒపీనియన్, అంతేనా సార్?" అని అక్కడే చదివి వినిపించండి.

చివరగా, వదిలేసి వెళ్లాలనిపిస్తోంది అన్నారు. సీటునా, ప్రాణాన్నా? రెండోదైతే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ రాత్రి రూమ్‌మేట్‌ను పక్కనే ఉండమనండి.