హ్యాండీక్యామ్ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించేదెలా?

సందేహం: 2004లో మా చెల్లి పెళ్ళిని నాన్న హ్యాండీక్యామ్‌లో తీశారు. అమెరికా నుంచి మామయ్య తెచ్చిన కెమెరా అది. మినీ డీవీ క్యాసెట్లు పదకొండు ఉన్నాయి. నాన్న ఇప్పుడు లేరు. కెమెరా పనిచేస్తోంది కానీ యూఎస్‌బీ కేబుల్ పెడితే ఫొటోలు తప్ప వీడియో రావడం లేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా ఫైర్‌వైర్ - యూఎస్‌బీ కన్వర్టర్ కనిపించింది. కొనమంటారా?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దండీ, అది మాత్రం కొనకండి. కెమెరాకు ఓ పక్క చిన్న మూత కింద ‘డీవీ’ అనో, సోనీ అయితే ‘ఐ.లింక్’ అనో రాసిన పోర్టు ఉంటుంది. అదే ఫైర్‌వైర్. టేపు మీదున్న వీడియో ఉన్నదున్నట్టు బయటికొచ్చే దారి అది. యూఎస్‌బీ పోర్టును చాలా మోడళ్ళలో మెమరీ కార్డులోని ఫొటోల కోసమే పెట్టారు. ఆ చవక కన్వర్టర్ ఈ వైపు తీగలను ఆ వైపు తీగలకు కలుపుతుంది, అంతే. రెండింటి పద్ధతులు వేరు కాబట్టి కంప్యూటర్ కెమెరాను గుర్తించదు. పైగా ఆరు పిన్నుల ఫైర్‌వైర్‌లో 30 వోల్టుల దాకా రావచ్చు, మామూలు యూఎస్‌బీ 5 వోల్టులది. పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది.

బంధువుల ఇళ్ళలో 2005-10 నాటి ల్యాప్‌టాప్ ఏదైనా మూలన పడి ఉందేమో ముందు వాకబు చేయండి. వాటిలో చాలావాటికి నాలుగు పిన్నుల ఫైర్‌వైర్ పోర్టు ఉండేది. దొరికితే కేబుల్ ఒక్కటి కొంటే చాలు. లేదంటే డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు పెట్టించుకోండి. విండోస్ 10లో కెమెరా కనిపించకపోతే టెన్షన్ పడకండి, 1394 (ఫైర్‌వైర్‌కే మరో పేరు) ‘లెగసీ’ డ్రైవర్‌కి, అంటే పాత రకానికి మారిస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. విన్‌డీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో క్యాప్చర్ చేయండి, అంటే కెమెరాలో టేపు ఆడుతుంటే కంప్యూటర్‌లో రికార్డ్ చేయండి. గంట క్యాసెట్‌కి గంటే పడుతుంది, సుమారు 13 జీబీ అవుతుంది. మొత్తం పదకొండుకీ 150 జీబీ దాకా ఖాళీ ఉంచుకోండి. హార్డ్‌డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉండాలి.

ఇవేవీ దొరక్కపోతే కెమెరా ఏవీ అవుట్ నుంచి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కేబుల్‌ని యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపి ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేయొచ్చు. నాణ్యత కొంత తగ్గుతుంది, అయినా వీడియో చేతికొస్తుంది. మీది అమెరికా కెమెరా కాబట్టి సెట్టింగ్ ఎన్‌టీఎస్‌సీ (అక్కడి వీడియో పద్ధతి) పెట్టాలి. మన దగ్గర పాల్ కదా అని అది పెడితే బొమ్మ నలుపు తెలుపుల్లో రావచ్చు, దొర్లిపోనూవచ్చు. ఇదే కారణంగా ఇక్కడ కొన్న వేరే కెమెరాలో ఆ క్యాసెట్లు సరిగా ఆడకపోవచ్చు. ఆ పాత కెమెరాని జాగ్రత్తగా చూసుకోండి.

క్యాసెట్ పెట్టేముందు దాని కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. తెల్లగా బూజులాంటి మచ్చలుంటే కెమెరాలో పెట్టొద్దు. అది టేపును చదివే హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లనూ పాడుచేస్తుంది. అలాంటివాటిని టేపులు శుభ్రం చేసేవాళ్ళకే ఇవ్వాలి. బాగున్నవాటికి వెనక ఉన్న చిన్న మీటను ‘సేవ్’ వైపు జరపండి, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోదు. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తెచ్చుకోండి. పాత బ్యాటరీని నమ్ముకోకుండా అడాప్టర్ పెట్టే నడపండి.

ఎక్కించిన ఏవీఐ ఫైళ్ళను అలాగే రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచి, వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ4 కాపీలు విడిగా చేసుకోండి. ఊగిపోయిన, పనికిరాని ముక్కలని ఏదీ కత్తిరించకండి. మా ఇంటి క్యాసెట్లు ఎక్కిస్తుంటే, కెమెరా ఆపడం మరిచిపోయి చేత్తో వేలాడేసుకు తిరిగిన భాగం ఒకటి వచ్చింది. మూడు నిమిషాలు ఉత్త గచ్చు, చెప్పుల కాళ్ళు. తీసేయబోతూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. “వాడింకా తిన్లేదు, విస్తరెయ్యండి” అంటోంది మా అమ్మమ్మ. ఆవిడ గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. మీ నాన్నగారు కెమెరా వెనకే ఉన్నారు కాబట్టి, ఆయన మాటలు ఎక్కువగా దొరికేది అలాంటి చోట్లే.

మొదట భోజనాల క్యాసెట్ ఏదైనా పెట్టి, బొమ్మా మాటా సరిగా వస్తున్నాయో లేదో చూసుకోండి. జీలకర్రా బెల్లం క్యాసెట్ ఆ తర్వాత.