క్యాసెట్ చివరిదాకా తిరగనివ్వు

చి. బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

స్టూడియో మూసేశాక నేను మీ ఇంటి బీరువాలో పెట్టిన డీవీ క్యాసెట్లన్నీ, అదే నా వీడియో కెమెరా టేపులన్నీ, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానన్నావట. మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఇన్నేళ్లకు వాటి ఊసెత్తింది నువ్వొక్కతివే. ఆ సంతోషంలో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న యూఎస్‌బీ ముక్క ఒకటి కొన్నావనీ, పని కాగానే క్యాసెట్లు పారేసి బీరువా ఖాళీ చేస్తావనీ కూడా చెప్పాడు. ఇక రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పసుపు పిన్ను పక్కన పెట్టు. టేపు మీద బొమ్మ అంకెల రూపంలోనే ఉంది. పసుపు తీగలో పంపితే కెమెరా దాన్ని మామూలు టీవీ సిగ్నల్‌గా మారుస్తుంది, నీ ముక్క మళ్లీ అంకెలు చేస్తుంది. ఉత్తరాన్ని ఒకరికి చదివి వినిపించి, వాళ్లు విన్నదాన్ని తిరిగి రాయించినట్టు. అంకెలను అంకెలుగానే పంపే ఫైర్‌వైర్ తీగ అయితే అక్షరం పొల్లుపోకుండా దించుతుంది. కెమెరా పక్కన 'డీవీ' అని రాసి ఉన్న నాలుగు పిన్నుల రంధ్రం అందుకే. దాని యూఎస్‌బీని నమ్ముకోకు, అది ఫోటోల కోసం పెట్టింది. నీ ల్యాప్‌టాప్‌కు ఫైర్‌వైర్ ఉండదు కాబట్టి కార్డు ఉన్న నా పాత డెస్క్‌టాప్ వాడు. తీగ పెట్టేటప్పుడు రెండింటినీ ఆపు. ఆరు పిన్నుల కొసను తిరగేసి గుచ్చి ఒకసారి పోర్టు కాల్చుకున్నాను.

బ్యాటరీతో కాదు, అడాప్టర్‌తో నడుపు. కాకినాడ సముద్రపు గాలి ఎలాంటిదో నీకు చెప్పక్కర్లేదు. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే ఆ క్యాసెట్ కెమెరాలో పెట్టనే పెట్టకు. అది టేపును చదివే హెడ్లకు అంటుకుని మిగతా వాటికీ పాకుతుంది. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, సుమారు 13 జీబీ అవుతుంది. డిస్కు ఎఫ్‌ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు, 20 నిమిషాల దగ్గరే ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చుకో.

2003 సంక్రాంతికి మీ నాయనమ్మను దాదాపు గంటసేపు తీశాను. పెరట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మొదట్లో "ఆ పెట్టె అవతల పెట్టరా" అని విసుక్కుంది. తర్వాత దాని సంగతే మరిచిపోయి తన పెళ్లినాటి ముచ్చట్లలో పడింది. తల తిప్పినప్పుడల్లా ముక్కుపుడక రాయి ఎండకు తళుక్కుమనేది. నా కంప్యూటర్‌లో ఉన్నదే 40 జీబీ, అదీ పెళ్లిళ్లతో నిండిపోయింది. అందుకని ఫైర్‌వైర్ ఉండి కూడా పసుపు తీగతో దించి, సీడీలో పట్టేలా బొమ్మను కుదించే వీసీడీ చేశాను. టేపులో 720×576 ఉన్న బొమ్మ వీసీడీలో 352×288 అయింది. అప్పటి చిన్న టీవీలో బాగానే ఉందనిపించింది.

మాఘమాసంలో ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఒక పెళ్లికి బయలుదేరుతుంటే క్యాసెట్ ఒకటి తక్కువైంది. అమ్మది డిస్కులో ఉందిగా అని దాన్నే వెనక్కి తిప్పి కెమెరాలో వేశాను. క్యాసెట్ వీపున ఉన్న చిన్న మీటను 'సేవ్' వైపు జరిపి ఉంటే కెమెరా రికార్డు చేసేదే కాదు. జరిపి ఉన్నా, ఆ తొందరలో మళ్లీ ఇటు తోసేసేవాణ్ణేమో. ఎవరివో తలంబ్రాలు మా అమ్మ మీద పోశాను.

ఆవిడ పోయాక వీసీడీ పెట్టాం. ముక్కుపుడక ఉండాల్సిన చోట నాలుగు బూడిదరంగు గళ్లు. నవ్వితే మొహమంతా గళ్లే. మీ నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజూ ఒక్క మాట అనలేదు, ఈ రోజుకీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

కాబట్టి ఒక్క క్యాసెట్ పారేశావని తెలిసినా నీతో మాట్లాడను. ఎంపీ4 చేసి అందరికీ పంపు, నాకూ పంపు. మొదట దిగిన డీవీ ఫైలును మాత్రం ముట్టుకోకుండా రెండు డిస్కుల్లో దాచు. మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. అది లోపం కాదు, సెకనుకు 50 సగం బొమ్మలను జంటలుగా అల్లే పద్ధతి. సవరణలేమైనా ఉంటే నకలు మీద చేసుకో.

ఆ పెళ్లివాళ్లు చివరి వాయిదా ఎగ్గొట్టారు కాబట్టి వాళ్ల క్యాసెట్ నా దగ్గరే ఉండిపోయింది. దాని మీద ఎర్ర ఇంకుతో 'ముహూర్తం-2' అని ఉంటుంది. పెళ్లి యాభై నిమిషాల దాకానే ఉందని గుర్తు. అది ముగిసిన చోట బొమ్మ గళ్లు పడి ఒక్క క్షణం తడబడవచ్చు, కంప్యూటర్‌లోకి దిగడం ఆగిపోవచ్చు. ఆగితే మళ్లీ మొదలుపెట్టు, చివరిదాకా తిరగనివ్వు. దాని వెనకాల ఏముందో ఇన్నేళ్లలో ఒక్కసారీ వేసి చూడలేదు. ఏమీ లేదని తేలితే తట్టుకోలేనని భయం.

దాన్ని మొదటే పెట్టకు. ముందు వేరే వాటితో నాలుగు రోజులు చేయి తిరగనీ. పెట్టే రోజు మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని నాకు ఫోను చేయి.

కెమెరా, డెస్క్‌టాప్ రేపటి బస్సులో పార్సిల్ వేస్తున్నాను. అడాప్టర్ తీగ మొదట్లో కాస్త వదులు, ఇన్సులేషన్ టేపు చుట్టాను. విప్పకు.

మీ పెద్దనాన్న