మీ ప్రశ్నలు – మా జవాబులు: ఆకురాలు కాలపు పిట్టలు

ప్రశ్న: ఆకులు రాలిపోయే రోజుల్లో అడవిలో అరగంట నడిచినా ఒక్క చిన్న పిట్ట కనపడదు. ఉన్నట్టుండి పదీ ఇరవై ఒకేసారి వస్తాయి, బైనాక్యులర్ ఎత్తేలోగా మాయం. లోపం ఎక్కడ?

జవాబు: నడకలోనే. పిల్లల్ని పెంచే కాలం ముగిశాక టిట్లనే బుల్లి పిట్టలు, వాటితో పాటు మానుల మీద పాకే నట్‌హ్యాచ్‌లు, ట్రీక్రీపర్లు కలగలిసి ఒకే గుంపుగా మేస్తూ తిరుగుతాయి. కళ్లు ఎక్కువైతే డేగ తొందరగా కంటపడుతుంది మరి. అందుకే అడవంతా బోసిగా, ఒక్కచోట మాత్రం సందడిగా ఉంటుంది. వెతుక్కుంటూ వెళ్తే ఎండుటాకుల చప్పుడు మీకంటే ముందే వాటిని చేరుతుంది.

పొద్దుపొడిచాక మొదటి రెండు గంటల్లో వెళ్లండి. పొడుగాటి రాత్రి కరిగిపోయిన కొవ్వును పిట్ట మళ్లీ కూడబెట్టుకోవాలి కనుక అప్పుడు మేత జోరుగా సాగుతుంది. బెరడు పగుళ్లిచ్చిన పాత చెట్టో, పండ్లున్న పొదో చూసుకుని, 10–15 మీటర్ల దూరంలో, ఎండ వీపున పడేలా ఓ మానుకు ఆనుకుని కూర్చోండి. కాళ్ల కిందున్న ఆకులు ముందే పక్కకు తోసెయ్యండి. గాలి బలంగా వీస్తుంటే ఆ రోజుకి మానుకోవడమే నయం: కొమ్మలన్నీ ఊగుతుంటే పిట్ట కదలిక తెలియదు.

ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. ముందు సన్నగా ‘సీ సీ’ వినిపిస్తుంది. బైనాక్యులర్‌ను ఆ చెట్టుకే ఫోకస్ చేసి గడ్డం దగ్గర పట్టుకోండి. ఒడిలోంచి పైకి లేచే చెయ్యే పిట్టను బెదరగొట్టేది. చూపు పిట్ట మీదే ఉంచి, అద్దాలను కళ్లకు ఆనించండి.

ప్రశ్న: 10×42 బైనాక్యులర్ (10 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) ఉంది. 8×42 కొనమంటారా?

జవాబు: కొత్తగా కొనేవారికైతే 8×42 మేలు. చూపు విశాలం, వణుకు తక్కువ. కంటికి చేరే వెలుగు వలయం 5.25 మిల్లీమీటర్లు, మీదాంట్లో 4.2. చెట్ల నీడలో ఆ తేడా తెలుస్తుంది. ఉన్నదాన్ని మార్చక్కర్లేదు, మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి చాలు.

ప్రశ్న: ఫోన్‌లో కూత వినిపించి పిలవచ్చా?

జవాబు: వద్దు. పిట్ట మేత వదిలి, లేని పోటీదారు కోసం వెతుకుతుంది. అసలే పగలు పొట్టిది.

ప్రశ్న: మాను మీద తలకిందులుగా దిగేది వడ్రంగి పిట్టేనా?

జవాబు: నట్‌హ్యాచ్ అయి ఉంటుంది. వడ్రంగి పిట్ట, ట్రీక్రీపర్ గట్టి తోకను ఊతంగా ఆనించి పైకి పాకుతాయి. నట్‌హ్యాచ్‌కు తోకతో పనిలేదు. ఒక కాలు పైన పట్టు, రెండోది కింద ఆసరా. గింజను బెరడు సందులో ఇరికించి ముక్కుతో పొడుస్తుంది, ఆ టకటక విని చాలామంది వడ్రంగి పిట్ట అనుకుంటారు. ఈ కాలంలో గింజల్ని సందుల్లో దాచి పైన నాచు కప్పడం కూడా చూడొచ్చు. ట్రీక్రీపర్ ఒక చెట్టు పైదాకా ఎక్కి, ఎగిరి పక్క చెట్టు మొదట్లో వాలుతుంది. కాబట్టి అది పైకి చేరుతుండగానే బైనాక్యులర్‌ను పక్క చెట్ల మొదళ్ల వైపు దించి పెట్టుకోండి.