ఆ డైరీని ఆమెకే వదిలేయండి

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రెండేళ్లుగా బొమ్మల డైరీ రాస్తోంది. ఇంట్లో జరిగినవి, చదివిన కథల పుస్తకాలు, బడి సంగతులు, అన్నీ బొమ్మల్లోనే. పక్కన రెండు మూడు వాక్యాలు. ఇప్పటికి మూడు పుస్తకాలు నిండాయి. మార్కులు ఫర్వాలేదు, లెక్కల్లో కాస్త వెనక. పదో తరగతికి ముందే ఇది మాన్పించమని వాళ్ల నాన్న అంటున్నారు. నాకేమో దీన్నే కెరీర్‌గా మలిస్తే బాగుండుననిపిస్తోంది. డ్రాయింగ్ క్లాసులో చేర్చమంటారా? నాలుగు పేజీల ఫోటోలు పంపుతున్నాను.
– ఒక తల్లి

జవాబు: ఫోటోలు చూశానమ్మా. ఒకటికి రెండుసార్లు చూశాను.

మొదటి పేజీలో వాళ్ల నాయనమ్మ కళ్లజోడు ఏడుసార్లు వేసింది. ఎటు తిప్పి వేసినా మడిచిన కాడ దగ్గర తేడా కొడుతోంది. కింద ‘ఈ కాడ నామీద పగబట్టింది’ అని రాసుకుంది. ఏడో బొమ్మలోనూ అది సరిగ్గా రాలేదు. కానీ ఒకటో బొమ్మనీ ఏడో బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ‘కళ్లజోడంటే ఇలా ఉంటుంది’ అనుకుని వేసింది, చివరిది బల్లమీద ఉన్నదాన్ని చూసి వేసింది. డ్రాయింగ్ నేర్పేవాళ్లు నెలల తరబడి కష్టపడేది ఈ తేడా కోసమే.

నాకు ఇంకా నచ్చింది రెండో ఫోటో. తను చదువుతున్న నవలలోని ఇంటికి ప్లాన్ గీసింది. గదులు, మెట్లు, తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా. అంచున ఇలా ఉంది: ‘41వ పేజీలో కిటికీ తూర్పు గోడకి. 87వ పేజీలో అదే కిటికీలోంచి సూర్యాస్తమయం! రచయితగారు గోడ మార్చారా?’ నవ్వొచ్చింది. ఇలాంటి తప్పు పట్టుకోవడానికి ప్రచురణ సంస్థలు ఎడిటర్లకు జీతాలిస్తాయి. మీరు ఈ పేజీని బొమ్మగా చూశారు. నాకు అందులో పుస్తకాన్ని లోతుగా చదివే పిల్ల కనిపించింది.

ఇక వాళ్ల నాన్నగారి భయం. దాన్ని కొట్టిపారేయను, పరీక్షల ఏడాదిలో సమయం గురించి ఎవరికైనా బెంగే. కానీ బొమ్మ వేయడం చదువుకు అడ్డమన్నది మాత్రం సరికాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో కొన్ని మాటలిచ్చి, కొన్నిటిని రాయమన్నారు, కొన్నిటికి బొమ్మ వేయమన్నారు. తర్వాత అడిగితే బొమ్మ వేసిన మాటలే ఎక్కువ గుర్తున్నాయి. బొమ్మ అందంగా ఉందా లేదా అన్నదానితో పెద్దగా పని లేకపోయింది. మీ మూడో ఫోటోలో విద్యుత్ వలయం పాఠాన్ని అమ్మాయి బొమ్మల కథగా వేసింది కదా, అది ఆమె చదువుకునే తీరే. అయితే ప్రతి పాఠాన్నీ అలా వేస్తూ కూర్చుంటే సిలబస్ ముందుకు కదలదు. తికమకపెట్టే చోట మాత్రమే వేసుకోమనండి. లెక్కలు మాత్రం వేరే సంగతి. అవి చేసి చేసి రావాల్సిందే, డైరీ మాన్పిస్తే లెక్కలు రావు.

వాళ్ల నాన్నగారికి స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ కథ చెప్పండి. 1852లో పుట్టిన ఆయనకు చిన్నప్పటినుంచీ బొమ్మల పిచ్చి, చిత్రకారుణ్ణవుతానన్నాడు. వైద్యుడైన తండ్రి ససేమిరా అన్నాడు. చివరికి ఆ తండ్రే ఎముకలు తెచ్చి ముందు పెట్టి, వీటిని గియ్యమన్నాడు. కొడుకు అలా గీస్తూ గీస్తూనే వైద్యంలోకి వచ్చాడు. తర్వాత మైక్రోస్కోపులో చూసిన నాడీకణాలను చేత్తో గీశాడు. మెదడు గురించి ఆయన చేసిన కృషికి 1906లో నోబెల్ బహుమతి వచ్చింది, దాన్ని ఇటలీ శాస్త్రవేత్త గోల్జీతో పంచుకున్నారు. మీ అమ్మాయికి నోబెల్ వస్తుందని ఆశపెట్టడానికి ఇది చెప్పడం లేదు. బొమ్మలా, చదువా అని ఇప్పుడే తేల్చేయనక్కర్లేదు, అంతే.

ఇక కెరీర్ సంగతి. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం, పుస్తక డిజైన్, యానిమేషన్‌లో స్టోరీబోర్డు, వైద్య చిత్రణ, ఆర్కిటెక్చర్, యాప్‌ల డిజైన్... దారులు చాలానే ఉన్నాయి. వీటిలో కొన్నిటికి సైన్స్, లెక్కలు ఉండాలి, కాబట్టి సబ్జెక్టులు ఇప్పుడే వదిలేయవద్దు. డిజైన్, ఫైన్ ఆర్ట్స్ కోర్సుల్లో చాలాచోట్ల పోర్ట్‌ఫోలియో, అంటే ఎంచిన పనుల సంకలనం అడుగుతారు. పూర్తయిన బొమ్మలతో పాటు, అవి ఎలా పుట్టాయో చూపే చిత్తు పేజీలకూ విలువ ఉంటుంది. అక్కడ ఏడు కళ్లజోళ్ల పేజీ నీటుగా రంగులద్దిన సూర్యోదయాన్ని తోసిరాజంటుంది.

కానీ డైరీ వేరు, పోర్ట్‌ఫోలియో వేరు. చాలామంది తల్లిదండ్రులు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎవరో చూస్తారని తెలిసిన రోజున పిల్లలు తప్పులు వేయడం మానేస్తారు, బాగా వచ్చిన బొమ్మలే మళ్లీ మళ్లీ వేస్తారు. పోర్ట్‌ఫోలియోకి ఇంకో పుస్తకం పెట్టుకోనివ్వండి, అదీ పదకొండో తరగతిలో మొదలైతే చాలు. అప్పటిదాకా ప్రతి పేజీ మీదా తేదీ వేయడం ఒక్కటి అలవాటైతే మేలు.

డ్రాయింగ్ క్లాసు అడిగారు. తనే అడిగితే చేర్చండి. పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపించేలా వేసే పద్ధతి, మనుషుల కొలతలు ఎవరైనా నేర్పితేనే త్వరగా వస్తాయి. అచ్చు బొమ్మ ముందుపెట్టి దాన్నే దించమనే క్లాసైతే మాత్రం వద్దు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2బి పెన్సిల్, దారంతో కుట్టిన పుస్తకం చాలు. నీటిరంగులు వాడితే కాగితం కనీసం 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత) ఉండాలి, లేకపోతే ఉబ్బుతుంది. స్కెచ్ పెన్ రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. నిలవాలనుకున్నవి పిగ్మెంట్ ఇంకు పెన్నుతో వేస్తే మంచిది.

సెలవుల్లో ఏదైనా పెద్ద పని కావాలంటే, ఇంట్లో జరిగిన ఒక సంగతిని 32 పేజీల బొమ్మల పుస్తకంగా వేసి చూడమనండి. పిల్లల బొమ్మల పుస్తకాలు ఎక్కువగా ఆ లెక్కలోనే ఉంటాయి. పెద్ద కాగితాన్ని మడిచి అచ్చువేసే పద్ధతిలో పేజీలు ఎనిమిదీ పదహారుల గుణిజాల్లో రావడమే దానికి కారణం. పేజీ ఎక్కడ తిప్పాలి, కథ ఎక్కడ ఆపాలి అన్నది అందులోనే తెలుస్తుంది. ఇష్టం లేదంటే వదిలేయండి.

నాలుగో ఫోటో గురించి మీరేమీ రాయలేదు. భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు, రెండు కుర్చీలు ఒకదానికొకటి వీపు తిప్పి ఉన్నాయి. మాటలేమీ లేవు. దాని అర్థమేంటని అమ్మాయిని నిలదీయకండి, వాళ్ల నాన్నకు చూపించి పంచాయితీ పెట్టకండి. పెద్దవాళ్లతో చెప్పలేనిది అక్కడ పెట్టుకుంది. అదే తీరు బొమ్మలు వరసగా వస్తుంటే, డైరీ ఊసెత్తకుండా ఆమె పక్కన కూర్చుని మామూలుగా మాట కలపండి.

ఇంతకీ ఈ ఫోటోలు ఆమెకు చెప్పే తీశారా? చెప్పకుండా తీసుంటే ఈ రోజే చెప్పేయండి. కోప్పడుతుంది, పడనివ్వండి. నా దగ్గరున్నవి ఉంచనా, తీసేయనా అన్నది ఆమెనే అడిగి రాయండి.