జపాన్‌లో అసలు పెత్తనం ఎవరిది?

మంత్రులదా, అధికారులదా, కంపెనీలదా అంటే, ముగ్గురిదీ. ఒకరి అవసరం ఇంకొకరి దగ్గర ఇరుక్కుని ఉంటుంది.

1955లో పుట్టిన లిబరల్ డెమొక్రటిక్ పార్టీ మధ్యలో కొన్నేళ్లు మినహా అధికారంలోనే ఉంది. దానికి విరాళాలు ఎక్కువగా పెద్ద కంపెనీల నుంచే వచ్చేవి.

అసలు కథ అధికారులది. యుద్ధం తర్వాత వాణిజ్య, పరిశ్రమల శాఖ చాలాసార్లు చట్టం తేకుండా ఒట్టి 'సలహా'తోనే పని జరిపించేది. విదేశీ మారకం, లైసెన్సులు దాని చేతిలో ఉన్నప్పుడు కాదనే ధైర్యం ఎవరికుంటుంది? రిటైరయ్యాక అధికారులు తాము అజమాయిషీ చేసిన రంగంలోని కంపెనీల్లోనే పెద్ద పదవుల్లో చేరేవారు. ఈ అలవాటు పేరు అమకుదారి. 2007లో చట్టం బిగించినా, 2017లో విద్యాశాఖే దొరికిపోయింది.

2011లో ఫుకుషిమా ప్రమాదం నాటికి అణు భద్రతను తనిఖీ చేసే సంస్థ, అణు విద్యుత్తును ప్రోత్సహించే శాఖ కిందే ఉంది. ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు తూకం మారింది. 2014 నుంచి పెద్ద అధికారుల నియామకాలపై ప్రధాని కార్యాలయం పట్టు పెరిగింది. దాంతో అధికారులు అటు చూసి నడుచుకుంటున్నారని విమర్శ. 2018లో, ప్రధాని భార్య పేరు వినిపించిన ఒక ప్రభుత్వ భూమి అమ్మకం పత్రాలను దిద్దామని ఆర్థికశాఖ ఒప్పుకున్నప్పుడు ఆ మాట గట్టిగా వినిపించింది.