పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రాం అమ్మితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలా?

ప్రశ్న: లినక్స్‌లో నడిచే ఒక బిల్లింగ్ ప్రోగ్రాంను విండోస్‌కి మార్చాను. లైసెన్సు జీపీఎల్ 2 (ప్రోగ్రాంను ఎవరైనా మార్చి పంచవచ్చు, అయితే సోర్స్ కూడా ఇవ్వాలనే షరతున్న లైసెన్సు). తెలుగు రసీదు కోసం నాలుగు ఫైళ్లు దిద్దాను. ద్వారకానగర్ షాపులకి పెన్‌డ్రైవ్‌లో వేసి రూ.1,500కి ఇస్తున్నాను. ఒకాయన సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్) అడుగుతున్నారు. అసలుది నెట్‌లో ఉచితంగానే ఉంది, అక్కడ తీసుకోమంటే చాలదా?
– ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: చాలదు. డబ్బు తీసుకోవడం తప్పు కాదు, జీపీఎల్ దాన్ని ఒప్పుకుంటుంది. కానీ నెట్‌లో ఉన్నది మీరు దిద్దిన కోడ్ కాదు. ఆయన చేతిలోని ఈఎక్స్‌ఈ (నడిచే ప్రోగ్రాం ఫైలు) ఏ కోడ్ నుంచి తయారైందో సరిగ్గా అదే ఇవ్వాలి. మేక్‌ఫైలు (కోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసే సూచనలు), ఇన్‌స్టాలర్ స్క్రిప్టు కూడా అందులో భాగమే. దిద్దిన ప్రతి ఫైల్లో మార్చిన సంగతి, తేదీ రాయాలి.

అడిగితే ఇస్తానని మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇచ్చే వీలూ ఉంది. అప్పుడు ఎవరడిగినా కాపీ ఖర్చుకే ఇవ్వాలి. నన్నడిగితే అది వద్దు. మూడేళ్ల కిందటి బిల్డు ఫైళ్లు ఎవరి దగ్గరుంటాయి? పెన్‌డ్రైవ్‌లోనే సోర్స్ జిప్, లైసెన్సు ప్రతి పెట్టేయండి.

అసలు చిక్కు డీఎల్ఎల్‌లతో, అంటే విండోస్‌లో ప్రోగ్రాం వాడుకునే లైబ్రరీ ఫైళ్లతో. విండోస్‌తో వచ్చేవాటికి సోర్స్ అక్కర్లేదు. ప్రోగ్రాం లింకయ్యే లైబ్రరీని మీరే పక్కన పెట్టి ఇస్తే ఆ మినహాయింపు పోతుంది. మీ ప్రోగ్రాం ఓపెన్ఎస్ఎస్ఎల్ (నెట్‌లో డేటాను రహస్యంగా పంపే లైబ్రరీ) వాడుతుంటే, లినక్స్‌లో సిస్టంతో వచ్చే దాన్ని విండోస్‌లో మీరే జతచేయాలి. 3.0 నుంచి దాని లైసెన్సు అపాచీ 2.0 (మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు), జీపీఎల్ 2కి అది పొసగదు. ఫైళ్ల పైభాగం చూడండి: ‘లేదా తర్వాతి వెర్షన్’ అని ఉంటే జీపీఎల్ 3 కింద ఇవ్వవచ్చు. లేకపోతే రచయితలు ప్రత్యేక అనుమతి ఇచ్చారేమో వెతకండి, అదీ లేకపోతే అదే పని చేసే విండోస్ సొంత లైబ్రరీ ఎస్‌చానెల్‌కి మారండి.

షరతు తప్పితే జీపీఎల్ 2 నాలుగో సెక్షన్ ప్రకారం మీ హక్కు దానంతటదే రద్దవుతుంది. ఆ తర్వాత అమ్మే ప్రతి కాపీ 1957 కాపీరైట్ చట్టం కింద ఉల్లంఘనే. తెలిసి చేస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50,000 నుంచి 2 లక్షల జరిమానా. రచయిత విదేశీయుడని ధీమా పడకండి, 40వ సెక్షన్ కింద వాళ్ల రచనలకీ ఇక్కడ రక్షణ ఉంది.

ఇప్పుడు చేయాల్సింది: ఆయనకి అమ్మిన వెర్షన్ సోర్స్ ఇవ్వండి, తాజాది కాదు. మిగతా షాపులకీ పంపండి. రచయితలకి జరిగింది చెప్పి, హక్కు పునరుద్ధరించమని ఈమెయిల్ రాయండి. జవాబు వచ్చేదాకా అమ్మకం ఆపండి.